గుట్ట మధ్యలో ఆగిన బండి

శామీర్‌పేట దాటాక మొరం గుట్టల మీద, బైకులా హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల బండ్లు తోలించే చోట నేను పని చేస్తున్నాను. అంతకుముందు మేడ్చల్ స్టేషన్ ముందు ఆటో నడిపేవాణ్ణి. వచ్చినవాళ్లకు హెల్మెట్ పెట్టి, గుట్ట ఎలా ఎక్కాలో, ఎలా దిగాలో నేర్పడం నా పని. రోజూ అవే మాటలు. చిన్న గేరులో పెట్టాలి. ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కి జరిగి కూర్చోవాలి.

"మధ్యల ఆగిపోతే బ్రేక్ గట్టిగ పట్టుండ్రి. లాక్ ఏసి, ఎత్తున్న దిక్కుకు దిగుండ్రి. బండి ఎటన్న పోనీ. హ్యాండిల్ మాత్రం అడ్డం తిప్పొద్దు. తిప్పిండ్రా, బండి మీరు కింద, మీరు బండి కింద!" అంటాను. కంగారులో ఒకసారి నోరు జారి వచ్చిన మాట అది. జనం నవ్వారని అలాగే ఉంచేశాను.

మా అక్క అక్కడే వంటింట్లో పని చేస్తుంది. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, ఆమెకు పద్నాలుగు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి నన్ను పెంచింది. ఇప్పుడు యాభై దాటింది. సైకిల్ కూడా తొక్కడం రాదు.

ఒక సోమవారం మధ్యాహ్నం, జనం లేని వేళ, షెడ్డు దగ్గరికి వచ్చింది. చీర లేదు, కూతురి పంజాబీ డ్రెస్ వేసుకుంది. పొద్దున సంచిలో పెట్టుకుని తెచ్చుకుందట.

"ఏందక్కా గిది?" అన్నాను.

"గంతమందికి నేర్పుతవ్. నాకు నేర్పవా?"

"నీకెందుకే గివన్నీ!"

"ఆరేండ్ల సంది కిటికీలకెల్లి సూస్తున్న తమ్మీ. ఒక్కసారి ఎక్కియ్యి, సాలు."

కింద చదునులో నాలుగు చుట్లు తిప్పించాను. నేను చెప్పిన ప్రతి మాటా తిరిగి నాకు అప్పజెప్పింది. ఆ తర్వాత గుట్ట ఎక్కుతానంది. వద్దనాలనిపించింది కానీ ఆమె ముఖం చూసి అనలేకపోయాను. బండి వెనక మనిషి నిలబడకూడదు గనుక నేను కింద పక్కగా నిలబడ్డాను.

సగం దాకా బాగానే ఎక్కింది. అక్కడ ముందు చక్రం కింద నుంచి ఒక రాయి లేచి దొర్లింది. అక్క అదిరిపడి యాక్సిలరేటర్ మీది బొటనవేలు తీసేసింది. ఇంజన్ ఆగిపోయింది. బండి కాస్త వంకరగా, ముక్కు పైకెత్తి నిలబడి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

నేను పరుగెత్తాను. మొరంలో కాళ్లు జారాయి. రెండు అడుగులు ఎక్కితే ఒక అడుగు కిందికి వచ్చాను. ఆమెకూ నాకూ మధ్య ఇల్లంత దూరం. ఎంత ఎగబాకినా ఆ దూరం తరగలేదు. చేతులూపుతూ అరిచాను.

"తిప్పు అక్కా! హ్యాండిల్ తిప్పు! కిందికి తిప్పు!"

ఆ మాట నా నోటి నుంచి వస్తుంటే నా చెవులతో విన్నాను. తప్పని తెలుసు. అయినా నోరు ఆగలేదు. మళ్లీ అదే అరిచాను.

అక్క తిప్పలేదు. ముందుకు వంగి బ్రేక్ పట్టింది. బండి ఆగింది. లాక్ వేసింది. కాలు ఇవతలికి తెచ్చి, ఎత్తున్న వైపు దిగి, పొదల్లోకి పాక్కుంటూ పోయింది. ఆమె చెయ్యి వదిలిన మరుక్షణం మొరం మీద చక్రాలు జారాయి. బండి పక్కకు ఒరిగి, రెండు పల్టీలు కొట్టి, నా పక్క నుంచే కిందికి పోయింది. నేను దాని వైపు చూడలేదు.

నేను పైకి వెళ్లేసరికి అక్క కూర్చుని హెల్మెట్ విప్పుతోంది. మోచేయి గీరుకుపోయింది.

"బండి ఖరాబైందా?" అని అడిగింది మొదట. తర్వాత, "ఏందో మొత్తుకున్నవ్? గీ టోపీల ఒక్క ముక్క ఇనపడలే."

"దిగుమన్న," అన్నాను.

"దిగిన గద," అంది, బడిలో మార్కులు వచ్చిన పిల్లలా.

వారం రోజులు ఆ అబద్ధం మోశాను. గుట్ట పాఠం చెప్పే పని తోటివాడికి అప్పగించి నేను చదునులోనే ఉండిపోయాను. అతను ఎందుకని అడిగితే గొంతు బాగాలేదన్నాను. చివరికి ఒకరోజు, అందరి భోజనాలూ అయ్యాక, వంటింట్లో అక్కతో చెప్పేశాను.

"అక్కా, ఆ రోజు నేను దిగుమనలే. హ్యాండిల్ తిప్పుమన్న."

అక్క గిన్నె తోముతున్న చెయ్యి ఆపింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండు అనుకున్నాను కూడా.

"ఇనపడితే తిప్పుతుంటి," అంది మెల్లగా. "నువ్వు జెప్పినంక తిప్పకుంటనా తమ్మీ?"

ఆమె చెయ్యి కడుక్కుని, కంచంలో అన్నం పెట్టి నా ముందుకు జరిపింది. నేను కలపకుండా అలాగే కూర్చున్నాను.