రాజారత్నం మళ్ళీ పెనం పట్టాడు

చిత్తూరు చుట్టుపక్కల బెల్లం వండడంలో రాజారత్నానికి సాటి లేదు. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో అతని ఎడమచెయ్యి చెరకు గానుగలో పడి నలిగింది. నొప్పికి పెథిడిన్ అనే మత్తుమందు సూదులు వేశారు. చెయ్యి నయమైనా అతను సూదిని వదల్లేకపోయాడు. అడిగినప్పుడల్లా పొడిచిన కాంపౌండరును ఊరు ఒక్క మాట అనలేదు. మత్తులో, బెల్లం కాచే రెండు పెద్ద పెనాల పాకం మాడ్చిన రాజారత్నాన్ని మాత్రం సూదోడంది. రైతులు పిలవడం మానేశారు.

ఆ అవమానం భరించలేక, సూది మానాలని అతను గదిలోకి పోతూ భార్య నాగులమ్మతో, "నేనేడ్చినా, తిట్టినా తలుపు తియ్యొద్దు మే," అన్నాడు. పన్నెండు రోజులు వణికాడు, కక్కాడు, ఆమెను బండబూతులు తిట్టాడు. ఆమె కిటికీలోంచి గంజి అందిస్తూ గడప దగ్గరే కూర్చుంది. పదమూడో రోజుకు అతను సూది అడగడం మానాడు.

మరుసటి నెలలో ప్రేమానందం అనే రైతు జంకుతూనే పెనం అప్పగించాడు. ప్రేమానందం బావమరిది నవ్వాడు.

"సూడప్పా సూదోడా, ఈ పెనం గూడా మాడుస్తావా ఏంది?"

రాజారత్నం చన్నీళ్ళలో తడిపిన వేళ్ళతో ఉడికే పాకం తీసి, నీళ్ళలోనే ఉండ చేసి, పెనం అంచుకు కొట్టాడు. ఖంగుమంది; పాకం కుదిరింది.

"దించండ్రా!"

బెల్లం పసుపుపచ్చగా గట్టిపడింది. చూస్తున్న రైతులు ముగ్గురు తమ చెరకూ వండమన్నారు. బావమరిది ఒక ముక్క నోట్లో వేసుకుని గొంతు తగ్గించాడు.

"అన్నా, మా చెరకెప్పుడు వండుతావు?"

"అడిగినోళ్ళు ముగ్గురుండారు. వాళ్ళెనకాల రాప్పా," అన్నాడు రాజారత్నం.