నీలం నూలు కట్టిన మూడు క్రేట్లు

తొమ్మిదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. మామిడికాయల క్రేటయితే వ్యాను దాకా మోసి దించేస్తాం. దీన్ని దించే చోటే దొరకలేదు. మా ఆయనకు చెప్పలేదు. తిరుత్తణి కొండెక్కి మురుగన్ ముందు నిలబడి కూడా పిల్లల చదువు గురించి అడిగాను గానీ ఇది మాత్రం నోట రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది తమిళనాట ఆరణి. ఇంట్లో తెలుగు మాట్లాడే నేత కుటుంబం. మగ్గం పని పలచబడ్డాక ఎండాకాలం తిరుత్తణి పక్క తోటల్లో మామిడి కోతకు పోవడం మొదలుపెట్టాను. ఒక మేస్త్రి, అతని కింద పన్నెండు మందిమి. తోటలోనే రేకుల షెడ్డులో పడక. మామిడి అయిపోయాక అదే జట్టు జామ కోతకు పోతుంది. జట్టులోంచి ఒకసారి పంపేశారంటే ఆ ఏడాదికి పని లేనట్టే. మేస్త్రీలందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవాళ్లే.

మగవాళ్లు చిక్కం కట్టిన గడలతో కాయలు దించుతారు. కింద కూర్చుని తొడిమలు కత్తిరించేది ఆడవాళ్లం. కత్తిరించగానే సొన చిమ్ముతుంది. అది కారిపోయేదాకా కాయను గడ్డి మీద బోర్లా పెట్టి, ఆ తర్వాతే క్రేటులో సర్దాలి. తొందరపడి సర్దితే ఆ పూటకు ఏమీ కనబడదు. మర్నాటికి కాయ నిండా నల్లటి చారలు తేలతాయి. మా చేతులూ అంతే. సొన పడ్డ చోటల్లా కాలిన మచ్చలు. సాయంత్రం పులుసన్నం కలుపుకుంటే వేళ్లు భగ్గుమంటాయి. అందుకని ఎక్కువ రోజులు మజ్జిగతోనే కానిచ్చేదాన్ని. పడుకున్నా నడుం ఇంకా వంగే ఉన్నట్టుండేది. ఇదంతా నా తప్పును చిన్నది చేసుకోవడానికి చెబుతున్నానా? కొంత అందుకే.

ఎవరి క్రేటుకు వాళ్లు గుర్తు కట్టాలి. మిగిలినవాళ్లు గుడ్డపీలికలు కట్టేవాళ్లు. నేతవాళ్లం కాబట్టి నేనూ వసంతా నూలు కట్టేవాళ్లం. నాది ఎర్రది. వసంతది నీలం.

వసంత మా వీధి పిల్ల. నాకంటే పదేళ్లు చిన్న. ఆమెను జట్టులోకి తెచ్చింది నేనే. నా చేతికింద నేర్చుకుంటుందిలే అని మేస్త్రికి గొప్పగా చెప్పాను. నాలుగేళ్లలో ఒక్క కాయ చెడగొట్టని మనిషినని నాకు పేరు మరి. ఆ పేరంటే ఎంత మురిపెమో! వసంతకు ఎడమచేతి వాటం. పని నిదానంగా చేసేది. కానీ శుభ్రంగా చేసేది.

ఆ రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. వాన రాకముందే ముగించాలని మేస్త్రి అరుపులు. తెల్లవారుజామున వంచిన నడుం నాది, ఇక లేవనంటోంది. చివరి మూడు క్రేట్లు సొన కార్చకుండానే సర్దేశాను. తెలిసే సర్దాను. సాయంత్రానికి వ్యాను వెళ్లిపోతుంది, చారలు తేలేసరికి కాయలు మద్రాసులో ఉంటాయి, ఎవరివో ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. వాన దంచి కొట్టింది. బురదలో వ్యాను రాలేదు. క్రేట్లు షెడ్డులోనే ఉండిపోయాయి.

పొద్దున అందరూ పంపుసెట్టు దగ్గర మొహాలు కడుక్కుంటుంటే వెళ్లి చూశాను. పై గడ్డి తీయగానే నల్లటి చారలు. బయట మేస్త్రి, వ్యాను ఎక్కించేముందు అన్నీ విప్పి చూస్తానంటున్నాడు. అప్పుడు నేను ఆలోచించానా? లేదని చెప్పుకుంటే ఎంత సుఖం. కానీ నా క్రేట్ల ఎర్ర నూలు విప్పాను. వసంత క్రేట్లు మూడింటి నీలం నూలు విప్పి నా వాటికి కట్టాను. ఆమె మంచి కాయలకు నా ఎర్ర నూలు కట్టాను. మొత్తం ఆరు ముళ్లు. ఆలోచించని చేతులు ఆరు ముళ్లు వేస్తాయా?

"ఈ నీలం నూలు ఎవురిది?" అన్నాడు మేస్త్రి.

వసంత ముందుకొచ్చింది. కాయల కన్నా ముందు ముడిని చూసింది. ఎడమచేతి మనిషి వేసే ముడి ఒకవైపు తిరుగుతుంది, కుడిచేతిది ఇంకోవైపు. మేస్త్రికి ఆ తేడా తెలియదు. పుట్టినప్పటి నుంచి తెగిన పోగులు ముడేసిన మాకు తెలుస్తుంది. ఆమె తలెత్తి నావైపు చూసింది.

"అక్కా, నువ్వు చెప్పు. ఇది నేను కట్టిందేనా?"

అది నిలదీయడం కాదు. నాకొక దారి ఇచ్చింది. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడూ తెలుసు.

"నీ నూలే కదమ్మా. నువ్వు గాక ఇంకెవురు కట్టింటారు?" అన్నాను.

మళ్లీ ఒకసారి ముడిని చూసింది. "సరేక్కా. నువ్వు చెప్తే సరే" అంది.

మేస్త్రి వసంతను జట్టులోంచి పంపేశాడు. తెచ్చేటప్పుడు చూసి తేవాలి కదా అని నన్ను కూడా రెండు మాటలన్నాడు. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని విన్నాను. వసంత బట్టలు మూటగట్టుకుంటుంటే దారిలో తినమని నా చద్దిమూట ఇచ్చాను. తీసుకుంది.

వసంత ఎందుకు బయటపెట్టలేదు? పని ఇప్పించినదాన్నని గౌరవమా? చెప్పినా కొత్తదాని మాట ఎవరు నమ్ముతారనా? ఆ ఏడు మొగుడితో కలిసి ఇటుకల బట్టీకి పోయింది. బిడ్డను బడి మాన్పించి వెంట తీసుకుపోయింది. ఎలాగూ పోయేదేమో, నాకేం తెలుసు అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. ఒక్కసారీ కుదరలేదు.

ఇక్కడితో ఆపితే మీరు నన్ను కొంచెం క్షమిస్తారు. ఆపను. నాలుగేళ్ల తర్వాత మనుషులు చాలక మేస్త్రి తనే అడిగాడు, మీ ఊరి ఎడమచేతి పిల్లను మళ్లీ పిలుద్దామా అని. పిలువు అంటే చాలు. ఒక్క మాట. కానీ ఆమె వస్తే రోజంతా నా ఎదురుగా కూర్చుంటుంది. ఆ పిల్ల పనిలో నిలవదు, వద్దులే అన్నాను. మొదటి తప్పు ఒళ్లు అలిసిపోయి చేశాను. రెండోది బాగా నిద్రపోయి లేచిన పొద్దున చేశాను.

ఇప్పుడు వసంత బట్టీ మానేసి మా వీధిలోనే ఉంటోంది. ఎదురుపడితే "బాగుండావా అక్కా" అంటుంది. తల ఊపి వచ్చేస్తాను. ఆ మూడు క్రేట్లు నావి. ఇన్నేళ్లలో ఈ మాట ఇదే మొదటిసారి రాయడం. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. ఇంట్లో ఎవరి కంట పడినా అర్థం కాకూడదని తెలుగులో రాశాను. మా ఆయన, పిల్లలు, అందరూ తమిళమే చదువుతారు. మా వీధిలో తెలుగు చదవగలిగినవాళ్లం ఇక ఇద్దరమే. రెండో మనిషి వసంత.