ఏడుపు చెప్పని పాఠం

కరోనా వచ్చిన ఏడాది నేను అబుదాబీలో ఒక ఫ్రెంచి ముసలి దంపతుల ఇంట్లో పనిచేసేదాన్ని. సార్ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. సాయంత్రం టీ ఇస్తుంటే నాకూ ఇంగ్లీషులో ఆ కబుర్లే. నాలుగైదు వందల ఏళ్ల కిందట వాళ్ల దేశంలో మతం పేరుతో జనం ఒకరినొకరు నరుక్కుంటుంటే, చదువుకున్నవాళ్లు పాత రోమన్ల పుస్తకాలు పట్టుకున్నారట. చావొచ్చినా చలించకుండా ఎలా ఉండాలో వాటిలో నేర్చుకున్నారట.

"ముందు టీ తాగండి, చల్లారిపోతోంది" అనేవారు మేడమ్.

మేడమ్‌కి జ్వరం వచ్చింది. అంబులెన్సు తీసుకెళ్లింది. ఆసుపత్రికి ఎవర్నీ రానివ్వలేదు. కొన్నాళ్లకి ఫోనొచ్చింది. సార్ విని, "ఖలాస్, అయిపోయింది" అని ఫోను పెట్టేసి, భోజనం వడ్డించమన్నారు. కంట తడి లేదు.

ఆ తర్వాత తిండి మానేశారు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు, పేజీ తిప్పేవారు కాదు. కూతురు ఫ్రాన్సులో ఉంది, ఈయనకేమైనా అయితే ఇక్కడ ఎవరికి ఫోన్ చెయ్యాలో నాకు తెలీదు.

"ఏడవండి సార్" అన్నాను ఉండబట్టలేక.

"రావడం లేదు. మీ ఊళ్లో ఎలా ఏడుస్తారు?"

మా గోదారి వైపు ఆడవాళ్లు పోయినవాళ్ల మంచి తలుచుకుంటూ శోకాలు పెడతారని చెప్పాను.

"పాతకాలం గ్రీకులూ అలాగే ఏడ్చేవారు. మావాళ్లు ఆ పుస్తకాలూ చదివారు. నేనే పాఠంలో ధైర్యం ఒక్కటే చెప్పాను" అన్నారు. పుస్తకం మూసి, "ఆవిడ కోసం ఏడుస్తావా?" అని అడిగారు.

అడిగితే ఏడవడమేంటని సిగ్గేసింది. అయినా నేలమీద కూర్చుని, "నాకు జ్వరమొస్తే సూపు కాచిచ్చిన తల్లీ" అని ఎత్తుకున్నాను. అంతే, నిజం ఏడుపే తన్నుకొచ్చింది.

ఏడుపు విని పక్క ఫ్లాటాయన మాస్కు పెట్టుకుని బెల్లు కొట్టాడు. సార్ తలుపు తీసి, "నా భార్య చనిపోయింది" అన్నారు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. గుమ్మం పట్టుకుని అలాగే కూలబడిపోయారు.

ఇక ఆయన కన్నీళ్లు ఆగలేదు. రోజూ ఏడుపే. కాస్త గంజి మాత్రం తాగేవారు. విమానాలు మళ్లీ తిరగడం మొదలయ్యాక కూతురొచ్చింది.

"నాన్న ఇలా ఉండేవారు కాదు. ఏం చేశావు నువ్వు?" అంది.

"నేనే అడిగాను" అన్నారు సార్ పక్కగదిలోంచి.

ఆమె నమ్మినట్టు లేదు. కూతురితో ఫ్రాన్సు వెళ్లేరోజు సార్ నా చెయ్యి పట్టుకుని ఏదో ఫ్రెంచిలో అన్నారు. నాకర్థం కాలేదు. కూతుర్ని అడిగితే చెప్పలేదు.