చేదు మాత్ర, ఆముదం

అరవైల మొదట్లో మాట. పర్చూరు దగ్గర మా ఊళ్లో మా అత్తగారికి గుండె దడ పట్టుకుంది. మిరపచేలో వంగి లేస్తే చాలు, రొమ్ము పట్టుకుని గట్టు మీద కూలబడేది. గుంటూరు డాక్టరుగారు క్వినిడిన్ మాత్రలు రాశారు. చలిజ్వరానికి మింగే క్వినైనంత చేదు. ఆ చేదు చూసే మా మామగారికి గురి కుదిరింది. డబ్బా రొంటిన దోపుకుని, వేళకి ఆయనే ఆవిడ నోట్లో మాత్ర వేసేవారు. ఇన్నేళ్ల కాపురంలో పెళ్లానికి మంచినీళ్లందించిన పాపాన పోని మనిషి! మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్లం. దడ కూడా తగ్గింది.

కల్లంలో ఎండిన కాయ బస్తాలకెక్కాక మా వైపు పెద్దవాళ్లు ఆముదం తాగుతారు, ఒంట్లో చేరిన మిరప వేడి దిగాలని. మాత్ర కూడా వేడేనని ఆ ఏడు అత్తగారికి ఇంకాస్త ఎక్కువే పోశారు. విరేచనాలు పట్టుకుని వదల్లేదు. ఆవిడ తోటకూర కాడలా వేలాడిపోయింది. మాత్ర మానితే గుండె ఆగుతుందని మా అందరి భయం, అందుకని అదీ ఆపలేదు.

మర్నాడు పొయ్యి దగ్గరే ఒరిగిపోయి కళ్లు తేలేసింది. నీళ్లు చల్లితే లేచింది. దడ తిరగబెట్టిందని మామగారు ఇంకో మాత్ర వేశారు. మళ్లీ పడింది. మళ్లీ వేశారు. ఇక లాభం లేదని కారు మాట్లాడుకుని గుంటూరు పరిగెత్తాం.

ఆస్పత్రిలో తీగలు తగిలించి గుండె గీతలు చూస్తుండగానే ఆవిడకి తెలివి తప్పింది. మాత్రలు రాసినాయన కాదు, అక్కడున్న వేరే డాక్టరుగారు రొమ్ము మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దారు. చంపేస్తున్నాడనుకున్నాను. ఆవిడ ఊపిరి పీల్చింది. అప్పుడు, ఏం మందులిచ్చారని అడిగారు. మామగారు డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టారు, ఆముదం సంగతీ చెప్పారు.

"విరేచనాలతో ఒంట్లో లవణాలు పోయాయండి. దాని మీద ఈ మాత్ర పడి గుండె లయ తప్పుతోంది. ఇంకొక్కటి వేస్తే మనిషి దక్కదు."

పురుగుమందు కలిసిందంటే నమ్మేదాన్నేమో. గుండెకని రాసిన మందే గుండెని ఆపుతుందా? ఎంత ఘోరం! మామగారి ముఖం చూడలేకపోయాను.

సెలైను ఎక్కాక సాయంత్రానికి అత్తగారు కళ్లు తెరిచింది. మొగుణ్ణి చూసి, అలవాటు చొప్పున మాత్ర కోసం నోరు తెరిచింది. ఆయన చెయ్యి ఖాళీ రొంటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"వద్దే... నోరు ముయ్యవే" అంటూ అందరి ముందూ భోరుమన్నారు.

తను చేసిన తప్పేమిటో తెలియక, ఆవిడ అలాగే నోరు తెరుచుకుని ఆయన్ని చూస్తోంది.