సంపు పక్కన అమ్మవారు

కల్లూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు నీళ్లకోసం గేటు బయట సంపు తవ్వించాం. పక్కింటి వేపచెట్టు వేర్లు అడ్డొస్తే మేస్త్రీ గొడ్డలితో నరికేశాడు. తెగిన వేరు ఊరుకుంటుందా? ఎండాకాలానికల్లా సంపు చుట్టూ పిలకలు లేచాయి. కత్తిరించేకొద్దీ ఇంకా గుబురుగా వచ్చాయి. సంపు గోడకు వెంట్రుకంత చీలిక కనబడేసరికి నాకు గుండె జారింది. మా సీమలో నీళ్లు కారిపోతే ప్రాణం కారిపోయినట్టే.

వేరు దాకా తవ్వి మొదలంటా పెరికేద్దామని గడ్డపార తెచ్చేసరికి ఒక పిలకకు పసుపు, కుంకుమ పూసి ఉన్నాయి. పక్కింటి కిరాణా కొట్టు అక్క పని అది. అమ్మవారు తనంతట తాను వెలిసిందట, ముట్టకూడదట. మేమేమో తాతల నాటినుంచి చర్చికి పోయేవాళ్లం. ఇంటి ప్రార్థనకొచ్చిన పాస్టరుగారు గేటు ముందు అమ్మవారిని చూసి, చెప్పులు విప్పాలో వద్దో తేలక కాసేపు అక్కడే నిలబడ్డారు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆమె పసుపు డబ్బాకూ నా గడ్డపారకూ పందెం. ఎప్పుడూ ఆమే ముందు లేస్తుంది. పుండు మీద కారం చల్లినట్టు, పిలకకు చెంబెడు నీళ్లు కూడా పోసి పోతుంది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఆమే మా గేటు తట్టింది. వాళ్ల వంటింట్లో నేలబండ లేపుకొని వేప పిలక వచ్చిందట. అలవాటు కొద్దీ దానికీ బొట్టు పెట్టేసింది. ఇక తను కోయలేదు, ఇంట్లోవాళ్లను కోయనివ్వలేదు.

"మీరు చర్చోళ్లు గదప్పా, మీకు దోషం తగల్దు. వచ్చి కోసి పో."

కత్తి పట్టుకుని పోయి వంగాను. పసుపు చూసేసరికి చెయ్యి కదల్లేదు. భయం వేసింది, భయపడ్డందుకు సిగ్గూ వేసింది. నా భార్య నన్ను పక్కకు నెట్టి, ప్రార్థన చేసి కోస్తాలే అక్కా అని కళ్లు మూసుకుంది. అక్క కూడా చేతులు జోడించింది. ప్రార్థన ముగిసింది, పిలక తెగింది, ఎవరికీ ఏమీ కాలేదు. అక్క ఎంత తేలికపడిందంటే, సంపు కాడివి కూడా ఇట్లాగే ప్రార్థన చేసి తీసేసుకోమంది.

మర్నాడు గడ్డపారతో గేటు బయటికి వచ్చేసరికి ఆమె అప్పటికే పిలకలన్నిటికీ పసుపు పూసి, కొబ్బరికాయతో నిలబడి ఉంది.

"ముందు ప్రార్థన కానీప్పా. ఆనక తవ్వుదువు."

గడ్డపార కింద పెట్టి కళ్లు మూసుకున్నాను. ఇంకేం తోచక, ప్రభువా, మా సంపును కాపాడమన్నాను. ఆమెన్ కూడా నాకంటే ముందు ఆమే అంది.