అవ్వ పెట్టెలో చెరకు వేరు

పాత నాణేలు కడిగి, అరుగుదల చూసి గ్రేడు రాసిచ్చే పని నాది. నిజామాబాద్‌లో ఇన్నేళ్లుగా దుకాణం నడుపుతున్నా, "భూమిలో దొరికింది" అన్నవాళ్లు ఒక్కరూ రాలేదు. అందరివీ అవ్వ పెట్టెలోవే.

ఈ రోజు చందూర్ నుంచి ఒక చెరకు రైతు నిజాం కాలపు రాగి పైస తెచ్చాడు. అక్షరాల సందుల్లో నల్లమట్టి గట్టిపడి ఉంది.

"మా అవ్వ పెట్టెల ఉండె సార్."

పైసను నీళ్ల గిన్నెలో వేశాను. కాసేపటికి మట్టి కరిగి, సన్నటి వేరొకటి పైకి తేలింది.

"ఏందన్నా, మీ అవ్వ పెట్టెల చెరుకు పెట్టిందా?"

ఆయన నవ్వలేదు. "సర్కారోళ్లకు ఎరుకైతే పొలమంత తవ్వుతరు సార్. నిలబడ్డ చెరుకు ఏంగావాలె?"

"అయినా భూమిల దొరికితే తహసీల్దారుకు చెప్పాలె అన్నా, అది రూలు" అన్నాను.

సగం కడిగిన పైసను తడితోనే రుమాలులో చుట్టుకున్నాడు. "గట్లయితే ఏడ దొరికిందో ఆడనే పాతిపెడ్త" అని వెళ్లిపోయాడు.

ఎప్పుడో ఇంకెవరో దాన్ని తవ్వి తెస్తారు. అదీ అవ్వ పెట్టెలోదే అంటారు.

మీ పొలంలో దొరికితే మీరు నిజం చెప్తారా? చెప్పేవాళ్లుంటే కామెంట్ పెట్టండి. అవ్వ పెట్టెల కథలు విని అలసిపోయాను, నిజం చెప్పేవాళ్లను ఒక్కరినైనా చూడాలని ఉంది.