ఐదూ యాభైకి ఆగే కంప్రెసర్

మా ట్రక్కు బహదూర్‌పురా స్కూలు మైదానంలోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండూ ఇరవై. వాన వెలిసి రెండు గంటలైంది. గేటు దగ్గర నీళ్లు మోకాలి లోతు. మైదానం మధ్యలో కొంచెం మెరక. దాని మీద అప్పటికే మూడు బర్రెలు, ఒక ఆటో, తడిసిన పరుపుల కుప్ప. బర్రెలను పక్కకు తోలించి మా కోల్డ్ కంటైనర్‌ను దింపాం.

సైన్యం అనగానే మీరంతా మంచు గురించి, సరిహద్దు గురించి అడుగుతారు. అవీ చూశాను. కానీ నన్ను ఇప్పటికీ వదలనిది ఈ పదకొండు రోజుల వరద డ్యూటీ. మా ఇల్లు సైదాబాద్‌లో. అక్కడికి కొద్ది కిలోమీటర్లే, అయినా వెళ్లడానికి అనుమతి లేదు. "గింత దగ్గరికొచ్చి మొకం గూడ సూపియ్యవారా?" అని అమ్మ ఫోన్‌లో అలిగింది.

నేను మెకానిక్‌ని. నా సామాను ఒక టూల్‌బాక్సు, ఒక మల్టీమీటరు, రెండు స్పేర్ సెన్సర్లు, ఒక రెయిన్‌కోటు. ఆర్డరు ఒక్కటే: కంటైనర్ లోపల రెండు నుంచి ఎనిమిది డిగ్రీలే ఉండాలి. లోపల పాముకాటు మందు, టీకాలు, ఇన్సులిన్. బస్తీలో ఫ్రిజ్‌లన్నీ నీళ్లపాలైతే జనం తమ ఇన్సులిన్ డబ్బాల మీద పేర్లు రాసి మాకిచ్చారు.

దింపగానే కంప్రెసర్ మీది టెంపరేచర్ సెన్సర్ జాయింటు విప్పి మీటరు పెట్టి చూశాను. బాగానే ఉంది. మళ్లీ బిగిస్తుండగా జనరేటర్ ఆగిందని కేక వినిపించింది. పరుగెత్తాను.

మర్నాడు పొద్దున 5:52కి కంప్రెసర్ ఆగింది. ప్యానెల్ మీద ఎర్ర లైటు, కంప్రెసర్ అతిగా వేడెక్కిందని. చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. అరగంటకు దానంతటదే నడిచింది. రెండో పొద్దున 5:48. సెన్సర్ మార్చాను. మూడో పొద్దున 5:55. రెండో స్పేర్ కూడా పెట్టేశాను. నాలుగో పొద్దున 5:50. ఈసారి గంటన్నర నడవలేదు. లోపల ఏడున్నర డిగ్రీలకు చేరింది.

నిజం చెప్పాలంటే భయం కన్నా ముందు నాకు ఆశ్చర్యమే కలిగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో చక్కగా నడిచే మిషను చల్లటి తెల్లవారుజామునే ఎందుకు వేడెక్కుతుంది?

డాక్టర్ కెప్టెన్ మేడమ్ వచ్చింది. ఆమె మాట్లాడేది హిందీ, నేను తెలుగులో చెబుతున్నాను.

"సెన్సర్ మార్చావా?"

"రెండుసార్లు, మేడమ్."

"మరి ఎందుకు ఆగుతోంది?"

"తెలియదు, మేడమ్."

సైన్యంలో ఎవరికీ నచ్చని జవాబు అది. "ఎనిమిది దాటితే ఈ మందులన్నీ పారబోయాలి. రేపు ఇంకోసారి ఆగితే ఏడు గంటలకు మొత్తం కంటోన్మెంట్‌కు ఎక్కించు," అంది. వంతెన మూసేశారు, మిలిటరీ బండ్లనే వదులుతున్నారు. మందులు అటు వెళ్తే ఈ బస్తీ వాళ్లు వెళ్లి తెచ్చుకునే దారే లేదు.

ఆ సాయంత్రం జబ్బార్ భాయ్ వచ్చాడు. పక్క గల్లీలో ఆయనది ఫ్రిజ్ రిపేరు దుకాణం. అదీ మునిగింది. పని లేక చేతులు దురద పెడుతున్నట్టున్నాయి. నేను తీసేసిన పాత సెన్సర్ అడిగి తీసుకుని ఒక గ్లాసులో ఐసు, ఇంకో గ్లాసులో వేడి చాయ్ తెప్పించాడు. చాయ్ తాగడానికేమో అనుకున్నాను. సెన్సర్‌ను అందులో ముంచాడు.

ఐసులో మీటరు మీద నిరోధం ముప్పై వేల ఓములు దాటింది. చాయ్‌లో రెండున్నర వేలకు దిగింది. వేడి పెరిగితే ఓములు తగ్గాలి, తగ్గాయి.

"సెన్సర్ అచ్చా హై భాయ్. దీన్ని బద్నాం చేస్తున్నవ్," అన్నాడు.

తర్వాత మిషను దగ్గరకెళ్లి జాయింటు విప్పమన్నాడు. పిన్నుల చుట్టూ పసుప్పచ్చటి మరక. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, ఇత్తడి తుప్పు అనుకున్నాను. ఆయన వేలితో గీకి వాసన చూశాడు.

"గిది తుప్పు కాదు. హల్దీ!"

పిన్నుల మధ్యకు తడి చేరితే కరెంటుకు ఇంకో దారి దొరుకుతుంది. ఓములు పడిపోతాయి. వేడి లేకపోయినా కంప్రెసర్ కాలిపోతోందని ప్యానెల్ నమ్మి ఆపేస్తుంది. తడి ఆరగానే అన్నీ బాగున్నట్టే ఉంటుంది. అంతవరకూ అర్థమైంది. పసుపు ఎక్కడిది?

ఐదో పొద్దున 5:30కే ఇద్దరం ఆటో పక్కన కూర్చున్నాం. 5:47కు యాదమ్మ వచ్చింది. ఆ మూడు బర్రెలు ఆమెవే. చేతిలో బిందె. కంటైనర్ చుట్టూ నీళ్లు చల్లింది. అప్పటిదాకా నేను కదల్లేదు. ఆ తర్వాత దోసిలితో పసుపునీళ్లు తీసి కంప్రెసర్ జాలీ మీదకు కొట్టింది. నేను లేచి పరుగెత్తేలోపే జాలీకి బొట్టు పెట్టి దండం పెట్టింది. సెంట్రీ నిలబడి చూస్తున్నాడు.

"మాతాజీ రోజూ పూజ చేస్తుంది సర్," అన్నాడు హిందీలో. ఏం తప్పు పట్టను? ఆ బొట్టు నేనూ చూశాను. దసరాకు మేమూ తుపాకులకు పెడతాం.

"అవ్వా, మిషిన్ల నీళ్లు పోస్తున్నవేంది?"

"కడుగుతున్న బిడ్డా. నా మనవరాలు సూది మందు మీదనే బతుకుతున్నది. దాని పానం గీ డబ్బలనే ఉన్నది. గడప కడిగినట్టు దీన్ని గూడ కడుగొద్దా?"

5:53. ఎర్ర లైటు. కంప్రెసర్ ఆగింది.

జాయింటు లాగాను. పసుపు చుక్క కారింది. యాదమ్మ దాన్ని చూసింది, ఆగిన మిషన్ను చూసింది. నేను చెప్పకముందే అర్థమైంది. బిందె కింద పెట్టేసింది.

"నా చేతులతోని నేనే పొల్ల పానం తీస్తుంటినా?"

జబ్బార్ భాయ్ నా వైపు తిరిగాడు. "దీనికి రబ్బరు టోపీ ఉంటది గదా భాయ్. ఏది?"

నా చెయ్యి రెయిన్‌కోటు జేబులోకి వెళ్లింది. అక్కడే ఉంది. జనరేటర్ ఆగిందని పరుగెత్తిన రోజు నుంచీ అక్కడే ఉంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"కాదవ్వా. తప్పు నాది. దీని టోపీ నా జేబుల వెట్టుకొని తిరుగుతున్న. అదుంటే నువ్వు బిందె కుమ్మరించినా ఏం కాకపోవు."

చొక్కా అంచుతో పిన్నులు తుడిచి, ఊది, టోపీ తొడిగాను. 5:59కి కంప్రెసర్ నడిచింది. లోపల ఐదున్నర డిగ్రీలు.

లాగ్‌బుక్కులో ఉన్నదున్నట్టు రాశాను: టోపీ పెట్టడం నేనే మరిచాను. మేడమ్ చదివింది.

"నీళ్లెక్కడివి?"

"వానాకాలం కదా, మేడమ్."

ఆమె జాలీ మీది తడి బొట్టు వైపు చూసింది. "మందులు ఇక్కడే ఉంటాయి. నీకు మూడు రోజులు అదనపు కాపలా," అంది. ఆ శిక్ష నాకు హాయిగానే అనిపించింది. కంప్రెసర్ మళ్లీ ఆగలేదు.

పదకొండో రోజు బస్తీకి కరెంటు వచ్చింది. పేర్లు చదివి డబ్బాలు తిరిగిచ్చేశాం. తొమ్మిదింటికి ట్రక్కు కదలాలి. దారిలో డ్రైవరు సైదాబాద్ మలుపులో నాలుగు నిమిషాలు ఆపాడు. అమ్మ తిట్టడానికి మూడు, ఏడవడానికి ఒకటి సరిపోయింది.

ఇప్పుడు మలక్‌పేటలో నాకూ ఒక ఏసీ రిపేరు దుకాణం ఉంది. ఏ కంప్రెసర్ విప్పినా రబ్బరు టోపీ పళ్ల మధ్య పట్టుకుంటాను, జేబులో మాత్రం వెయ్యను. విప్పిన ప్రతిసారీ ఆ బయల్దేరిన పొద్దునే కళ్ల ముందుకొస్తుంది.

మనవరాలి డబ్బా చంకలో పెట్టుకుని యాదమ్మ కంటైనర్ దగ్గరకు వచ్చింది. బిందె తేలేదు. కొంగుకు చేతులు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. ఆ ఐదో పొద్దు తర్వాత ఆమె ఆ మిషన్ను ముట్టుకోనే లేదు. రెండు అరచేతులూ నా ముందు చాపింది.

"సూడు బిడ్డా, తడి లేదు. ముట్టుకోవచ్చునా?"